రోమ్: టోటల్ వార్ రీమాస్టర్డ్ – సైనికులకి పూర్తి మార్కులు, సంస్కరణలకి పాస్ మార్కులు కూడా కష్టమే

ఈ గేమ్ గ్రాఫిక్స్ గురించీ, తిరిగే కెమెరా గురించీ చెప్పడానికి చాలామంది ఉన్నారు. నా పట్టింపు వేరు. స్ట్రాటజీ గేమ్ ఏది చేతికొచ్చినా నేను ముందు వెతికేది రెండు సంగతులు. ఏ దళానికి ఏ పని అప్పజెప్పారు? ఆ దళం ఎప్పుడు, ఏ కారణం మీద మనకి దొరుకుతుంది? రోమన్ యుద్ధాల మీద వచ్చిన గేముల్లో మొదటి ప్రశ్నకి ఇంత మంచి జవాబు చెప్పింది నాకు ఇంకోటి కనపడలేదు. రెండో ప్రశ్న దగ్గరికొచ్చేసరికి మాత్రం చేతులెత్తేసింది.

పరిచయం గబగబా చెప్పేస్తాను. క్రియేటివ్ అసెంబ్లీ వాళ్లు 2004లో తెచ్చిన గేమ్ ఇది. దాన్నే ఫెరల్ ఇంటరాక్టివ్ వాళ్లు మెరుగుపెట్టి 2021 ఏప్రిల్‌లో మళ్లీ విడుదల చేశారు. క్యాంపెయిన్ క్రీ.పూ. 270లో మొదలై, అగస్టస్ చనిపోయిన క్రీ.శ. 14తో ముగుస్తుంది. ఏడాదికి రెండు టర్న్‌లు, వేసవి ఒకటి, చలికాలం ఒకటి. రోమ్ తరఫున ఆడితే జూలీ, బ్రూటీ, స్కిపీ అనే మూడు కుటుంబాల్లో ఒకదాన్ని ఎంచుకోవాలి. నెత్తిన సెనేట్ ఉంటుంది. మ్యాప్ మీద ఎత్తులు టర్న్‌ల వారీగా నడుస్తాయి, యుద్ధం మాత్రం కళ్లముందే నిజకాలంలో జరుగుతుంది.

కొనేముందు తెలుసుకోవాల్సింది ఒకటుంది. ఇందులో టెక్ ట్రీ లేదు. "ఫలానా విద్య పరిశోధించు" అని నొక్కే మీట ఎక్కడా కనపడదు. భవనాలే టెక్నాలజీ. మస్టర్ ఫీల్డ్ కడితే ఊరి కాపలావాళ్లు వస్తారు. మిలీషియా బ్యారక్స్‌కి పెంచితే హస్తాతీలు, సిటీ బ్యారక్స్‌కి పెంచితే ప్రిన్సిపీస్, ఆర్మీ బ్యారక్స్ దాకా వెళ్తే త్రియారీలు. ఊరు పెరగాలి, డబ్బుండాలి, టర్న్‌లు గడవాలి, అంతే. పేపర్ మీద చదివితే చప్పగా ఉంటుంది. ఆడితే అంత చప్పగా ఉండదు.

హస్తాతీ, ప్రిన్సిపీస్, త్రియారీ అనే ఆ మూడు వరసల పదాతుల దగ్గరే ఆగి మాట్లాడాలి. గ్రీకు చరిత్రకారుడు పాలీబియస్ వర్ణించిన రోమన్ సేనావిభాగం, అంటే లెజియన్‌లో మామూలుగా 4,200 మంది పదాతులు. ముందు తేలికపాటి వెలిటీస్ 1,200, వాళ్ల వెనక హస్తాతీలు 1,200, ఆ వెనక ప్రిన్సిపీస్ 1,200, చిట్టచివర త్రియారీలు 600. పక్కన 300 గుర్రాలు. కుర్రవాళ్లూ బీదవాళ్లూ వెలిటీస్‌లోకి, ఆ పై వయసువాళ్లు హస్తాతీల్లోకి, మంచి వయసులో ఉన్నవాళ్లు ప్రిన్సిపీస్‌లోకి, ఆరితేరిన పెద్దవాళ్లు త్రియారీల్లోకి. మొదటి రెండు వరసలకీ పిలమ్‌లు అనే విసిరే ఈటెలు, కత్తి. త్రియారీలకి పొడిచే బల్లెం. వాళ్లు వెనక మోకాలి మీద కూచుని, డాలు భుజానికి ఆనించుకుని ఎదురుచూసేవాళ్లు. "వ్యవహారం త్రియారీల దాకా వచ్చింది" అంటే ఇక గొంతు మీదకి వచ్చిందని రోమన్ల సామెత. రోమన్ చరిత్రకారుడు లివీ రాసిపెట్టాడు.

ఈ అమరికని గేమ్ ఏ పాఠం చెప్పకుండానే మన చేత చేయిస్తుంది, అలసటనీ ధైర్యాన్నీ అడ్డుపెట్టుకుని. దళం ఎంత గట్టిదైనా కాసేపు కత్తి దూస్తే అలిసిపోతుంది. అలిసినవాడి దెబ్బ బలహీనం, వాడికి పక్కవాళ్లు పారిపోవడం కనపడితే కాళ్లాడవు. అప్పుడు వెనక తాజాగా నిలబడ్డ ప్రిన్సిపీస్ ఉంటే బతికాం, లేకపోతే లేదు. మొదట్లో అందరం చేసేది ఒకటే, ఉన్న దళాలన్నీ ఒకే పొడుగాటి వరసలో పేర్చడం. రెండు యుద్ధాలు పోయాక ఎవరూ చెప్పకుండానే గళ్ల బల్ల మీద పావుల్లా ఖాళీలు వదిలి పేర్చడం మొదలెడతాం. సైన్యాన్ని మానిపుల్ అనే చిన్న దళాలుగా విడగొట్టే రోమన్ల పద్ధతి మనకి మనమే కనిపెట్టినట్టుంటుంది. డిజైనర్ చేయగలిగిన గొప్ప పని ఇదేనని నా అభిప్రాయం.

చరిత్ర లెక్కన చూస్తే ఇందులో ఒక తిరకాసు ఉంది. హస్తాతీ, ప్రిన్సిపీస్, త్రియారీ అనేవి ఒకదాని తర్వాత ఒకటి కనిపెట్టిన ఆయుధాలు కావు. ముగ్గురూ ఒకే రోజు, ఒకే లెజియన్‌లో పేరు రాయించుకున్నవాళ్లు. తేడా వయసులో, ఆస్తిలో. గేమ్ ఆ వయసు తేడాని తీసుకెళ్లి భవనాల మెట్లుగా మార్చేసింది. క్రీ.పూ. 270లో జూలీ కుటుంబపు ఊరు అరేటియమ్‌లో త్రియారీ ఒక్కడూ దొరక్కపోవడం నిజానికి నవ్వొచ్చే విషయం. అయినా దీన్ని నేను క్షమిస్తాను. త్రియారీలు ఆలస్యంగా, తక్కువగా దొరకడం వల్ల వాళ్లని దాచుకుని చివర్లో వాడే అలవాటు మనకి పడుతుంది. లివీ సామెత తెలియని ఆటగాడు కూడా దాని ప్రకారమే ఆడతాడు. చరిత్ర తప్పినా గుణం తప్పలేదు.

ఇంకో గొప్ప సంగతి జనాభా. దళం తయారు చేస్తే ఆ మనుషులు ఆ ఊరి జనాభాలోంచి తగ్గుతారు. దళాల సైజు అన్నిటికంటే పెద్దది పెట్టుకుంటే హస్తాతీలు 160 మంది, అంటే ఊళ్లో 160 మంది తక్కువ. రైతుల దళమైతే 240. యుద్ధంలో దెబ్బతిన్న దళాన్ని ఊరికి తెచ్చి మళ్లీ నింపుకోవాలి, నింపితే మళ్లీ జనం తగ్గుతారు. రెండు పెద్ద ఓటములు తిన్నాక ఊళ్లు వెలవెలబోతాయి, పన్నులు పడిపోతాయి, తర్వాతి బ్యారక్స్ మెట్టు దూరమైపోతుంది. కిక్కిరిసిన నగరంలో రైతుల దళాలు తయారు చేసి, తీసుకెళ్లి చిన్న ఊళ్లో రద్దు చేస్తే వాళ్లు ఆ ఊరి జనంలో కలిసిపోతారు. పాత ఆటగాళ్లందరికీ తెలిసిన చిట్కా ఇది. రోమన్ కాలనీలు కూడా సైనికుల్ని తీసుకెళ్లి భూమిచ్చి కూచోబెట్టినవే కదా, కాబట్టి దీన్ని మోసం అనడానికి నాకు మనసొప్పదు.

రోమ్ అసలు బలం కత్తిలో లేదు, ఈ నింపుకునే శక్తిలోనే ఉంది. క్రీ.పూ. 225లో గాల్‌ల దండు వస్తోందని రోమ్ తన మనుషుల్నీ మిత్రుల మనుషుల్నీ లెక్కపెడితే, ఆయుధం పట్టగల పదాతులు 7,00,000కి పైన, రౌతులు 70,000 దాకా తేలారని పాలీబియస్ రాశాడు. క్రీ.పూ. 216లో కానే దగ్గర రోమ్ శత్రువైన కార్తేజ్ సేనాని హానిబాల్ ఒక్కరోజులో అంత పెద్ద సైన్యాన్ని ఊచకోత కోసినా రోమ్ లొంగకపోవడానికి కారణం ఆ లెక్కే. మరి ఆ లెక్కలో పెద్ద భాగం ఎవరు? ఇటలీ మిత్రులు. లెజియన్ ఎక్కడికి వెళ్లినా దాని పక్కన దాదాపు అంతే సంఖ్యలో మిత్రుల పదాతులు, వాళ్లవి ఇంకా ఎక్కువ గుర్రాలు నడిచేవి. గేమ్‌లో ఆ మిత్రులు లేరు. మూడు కుటుంబాలు కలిసి ఇటలీని పంచేసుకున్నాయి, మిత్రుడిగా సామ్నైట్‌కి చోటు లేదు, కాంపేనియా రౌతుకి చోటు లేదు. రోమన్ సేనాని మేరియస్ పేరు మీదున్న సంస్కరణల తర్వాత మాత్రం ఆక్సీలియా అనే సహాయక దళాలు ఊడిపడతాయి. జనాభా లెక్క ఇంత చక్కగా పట్టుకున్నవాళ్లు దాని మూలాన్ని వదిలేయడం నాకు అర్థం కాని విషయం.

ఇక సంస్కరణలు. నా కోపమంతా ఇక్కడే.

గేమ్ నియమం ఇది: ఇటలీలోని ఏదో ఒక నగరంలో రోమన్ కుటుంబం ఇంపీరియల్ ప్యాలెస్ కడితే మేరియస్ సంస్కరణలు జరిగిపోతాయి. ఆ ప్యాలెస్ కట్టాలంటే ఊరి జనాభా 24,000 దాటాలి. దాటి, కట్టి, టర్న్ తిప్పగానే ప్రకటన వస్తుంది. ఆ క్షణం నుంచి హస్తాతీ, ప్రిన్సిపీస్, త్రియారీలు ఇక దొరకరు. పాతవాళ్లు చచ్చేదాకా బతుకుతారు గానీ వాళ్లని నింపుకోవడం కుదరదు. వాళ్ల స్థానంలో లెజియనరీ కోహోర్ట్‌లు. కాస్త చురుగ్గా ఆడేవాడికి ఇది అసలు మేరియస్ పుట్టకముందే జరిగిపోతుంది. యూనిట్ల భవనాల ఫైల్ తెరిచి చూస్తే చాలా రోమన్ దళాల పక్కన ఒక షరతు ఉంటుంది, సంస్కరణ జరిగితే అనో, జరగకపోతే అనో. మొత్తం రోమన్ సైన్యపు రెండొందల ఏళ్ల మార్పుని ఒకే స్విచ్చికి కట్టేశారు.

పైగా ఆ స్విచ్చి కారణం కూడా తప్పు. క్రీ.పూ. 107లో గయస్ మేరియస్ నుమిడియా రాజు జుగుర్తా మీద యుద్ధానికి ఆస్తి లేని పౌరుల్ని స్వచ్ఛందంగా చేర్చుకున్నాడంటే, రోమ్‌లో భవనం పెద్దదైందని కాదు. ఆస్తి ఉన్న రైతుల్ని ఎన్నేళ్లపాటు స్పెయిన్‌కీ ఆఫ్రికాకీ పంపితే పొలాలు ఏం కావాలి? సైన్యంలో చేరడానికి కావలసిన కనీస ఆస్తి అప్పటికే దిగుతూ వచ్చింది. లివీ పాత లెక్క 11,000 అస్సులు (రోమన్ నాణేలు) అంటాడు, తర్వాతి మూలాల్లో అది 4,000కి, 1,500కి పడింది. మేరియస్ ఆ మెట్ల మీద చివరి అడుగు వేశాడు, అంతే. ఈమధ్య చరిత్రకారులు చాలామంది "మేరియస్ సంస్కరణలు" అనే ఒకే మూటనే ఒప్పుకోవడం లేదు.

నన్నడిగితే ఆ స్విచ్చిని ఇలా విడగొట్టేవాణ్ని. మొదటి మెట్టు కోహోర్ట్. స్పెయిన్‌లో క్రీ.పూ. 206 నాటి ఇలిపా యుద్ధంలోనే రోమన్ సేనాని సిపియో మూడేసి మానిపుల్స్‌ని కోహోర్ట్‌గా కలిపి నడిపాడని పాలీబియస్ చెప్తాడు. కాబట్టి స్పెయిన్‌లో కొన్నేళ్లు యుద్ధం చేసిన సేనాని కింద మాత్రమే ఇది దొరకాలి, భవనంతో కాదు. రెండోది బట్టలు. క్రీ.పూ. 123లో గయస్ గ్రాకస్ చట్టం సైనికుల బట్టల ఖర్చు ఖజానా మీద వేసింది. గేమ్‌లో అయితే దళాన్ని నిలుపుకునే ఖర్చు పెరగాలి, బదులుగా బీద ఊళ్లలోంచి కూడా మనుషులు రావాలి. మూడోది 107 నాటి చేరిక, దాని షరతు భవనం కాకూడదు, జనాభా కరవు కావాలి. ఆస్తిపరుల లెక్క ఒక గీత కిందకి పడితేనే ఆ తలుపు తెరుచుకోవాలి. నాలుగోది డేగ. క్రీ.పూ. 104లో మేరియస్ తోడేలు, ఎద్దుతల మనిషి, గుర్రం, అడవిపంది జెండాల్ని పక్కనపెట్టి లెజియన్‌కి డేగ ఒక్కటే ఉంచాడని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. దానికి ధైర్యం పెరగాలి, డేగ పోతే పరువూ పోవాలి. ఆ తర్వాత పిలమ్. క్రీ.పూ. 101లో, వెర్సెల్లే యుద్ధానికి ముందు, మేరియస్ ఈటె ఇనపముక్కని కర్రకి బిగించే రెండు మేకుల్లో ఒకదాన్ని తీసేసి కర్రమేకు పెట్టించాడని గ్రీకు రచయిత ప్లూటార్క్ కథనం. డాలులో దిగగానే అది విరిగి ఈటె వేలాడుతుంది, శత్రువు డాలు మోయలేడు, ఈటె తిరిగి విసరలేడు. చవగ్గా, చిన్నదిగా, ఖచ్చితంగా ఒక టెక్నాలజీ కార్డు లాంటి మార్పు. చిట్టచివరి మెట్టు పౌరసత్వం, క్రీ.పూ. 90, 89 చట్టాలు. మిత్రులతో అంతర్యుద్ధం చేసి, గెలుస్తూనే వాళ్లడిగింది ఇచ్చాక మిత్రుల దళాలు మాయమై అందరూ లెజియనరీలే అవ్వాలి.

ఈ ఆలోచన నాకొక్కడికే వచ్చిందని కాదు. పాత గేమ్‌కి అభిమానులు తయారు చేసిన యూరోపా బార్బరోరమ్ అనే మోడ్‌లో రోమన్ సైన్యం కామిలస్ నాటి రూపం నుంచి పాలీబియస్ నాటి రూపానికి, అక్కణ్నుంచి మేరియస్ రూపానికి, చివరికి అగస్టస్ రూపానికి మెట్లమెట్లుగా మారుతుంది. పైసా తీసుకోకుండా పనిచేసినవాళ్లు చేయగలిగిందే ఇది.

కవచం విషయం కూడా ఇక్కడే చెప్పేస్తాను. సంస్కరణ తర్వాత మొదట వచ్చే లెజియనరీలు గొలుసు కవచంలో ఉంటారు, సరే. ఆ పై మెట్టువాళ్లు ఇనప పట్టీల కవచంలో మెరుస్తారు. ఆ పట్టీల కవచానికి ఇప్పటిదాకా దొరికిన తొలి ఆనవాళ్లు జర్మనీలోని డాంగ్‌స్టెటెన్‌లో, క్రీ.పూ. 9 ప్రాంతానివి. అంటే గేమ్ ముగియడానికి ఇరవై రెండేళ్ల ముందు. క్యాంపెయిన్‌లో మాత్రం మన మనుమలు కూడా పుట్టకముందు దాన్ని తొడుక్కుని గాల్ దేశమంతా తిరుగుతాం. అందంగా ఉంటారు, కాదనను.

ఏనుగుల దగ్గర మాత్రం డిజైనర్ల చేతికి ముద్దుపెట్టాలనిపిస్తుంది. కార్తేజ్‌కి ఏనుగులు మూడు రకాలు. వరస మీదకి తోలితే మనుషులు గాల్లోకి లేస్తారు. భయపెడితే, ముఖ్యంగా నిప్పు చూపిస్తే, మదమెక్కి సొంతవాళ్ల మీదకే తిరుగుతాయి. అప్పుడు ఆ దళానికున్న ప్రత్యేకమైన ఆజ్ఞ ఒకటే: మావటి తన ఏనుగుని తనే చంపేయడం. ఇది కల్పన కాదు. క్రీ.పూ. 207లో మెటారస్ యుద్ధంలో కార్తేజ్ సేనాని హాస్‌డ్రూబల్ మావటీలకి ఉలీ సుత్తీ ఇచ్చాడని, ఏనుగు అదుపు తప్పితే మెడ దగ్గర చెవుల మధ్య ఉలి పెట్టి కొట్టేవాళ్లని లివీ రాశాడు. ఒక్క మీటలో ఆ వాక్యం మొత్తం ఉంది. మా తమ్ముడు మొదటిసారి ఆ మీట మీద చేయి పెట్టి, "అన్నా, ఇది నిజంగా నొక్కాలా?" అని అడిగాడు. అలా అడిగించగలిగిన యూనిట్ ఎంతో బాగా తయారైనట్టే.

జామా యుద్ధం కూడా ఇందులో సరిగ్గా ఆడుకోవచ్చు. క్రీ.పూ. 202లో హానిబాల్ 80 ఏనుగులు తోలితే సిపియో మానిపుల్స్‌ని ఒకదాని వెనక ఒకటి నిలబెట్టి మధ్యలో సందులు వదిలాడు, ఆ సందుల్లో వెలిటీస్‌ని ఉంచాడు. గేమ్‌లో ఏనుగు సందు దొరికితే సందులోంచి పోవడానికే ఇష్టపడుతుంది, ఇరువైపులా ఈటెలు. ఒకటే లోటు. రాఫియా యుద్ధంలో, క్రీ.పూ. 217లో, ఈజిప్టు రాజు టాలమీ వైపు ఆఫ్రికా ఏనుగులు సెల్యూసిడ్ రాజు ఆంటియోకస్ వైపు ఇండియా ఏనుగుల వాసనకీ ఆకారానికీ బెదిరి నిలవలేదని పాలీబియస్ చెప్తాడు. 73 ఒకవైపు, 102 ఒకవైపు. రాఫియాని విడిగా చారిత్రక యుద్ధంగా ఇచ్చినవాళ్లు ఆ భయాన్ని ఒక అంకెగా ఫైల్‌లో పెట్టుంటే బాగుండేది.

ఫాలాంక్స్, అంటే పొడవాటి బల్లేలు ముందుకి చాపి దగ్గరదగ్గరగా నిలబడే పదాతుల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, అది పనిచేస్తుంది. ఎదురుగా వెళ్తే చావే. ఒక్కో రోమన్‌కి పది సరిస్సా (ఆ పొడవాటి బల్లెం) మొనలు ఎదురవుతాయని పాలీబియస్ లెక్క కట్టాడు, గేమ్‌లో అది చూస్తేనే తెలిసిపోతుంది. పక్కనుంచీ వెనకనుంచీ వెళ్తే అదే ఫాలాంక్స్ కుప్పకూలుతుంది. క్రీ.పూ. 197లో కినోస్కెఫలే దగ్గర పేరు తెలియని ఒక రోమన్ అధికారి 20 మానిపుల్స్‌ని వెనక్కి తిప్పి చేసింది ఇదే. హోప్లైట్లు అనే గ్రీకు పదాతులకి కూడా అదే పొడవాటి బల్లేల పద్ధతి అంటగట్టడం మాత్రం బద్ధకం.

రోమ్‌కి తూర్పున ఉన్న శత్రువులు పార్థియన్లు బాగున్నారు, కానీ సగమే. ప్రతి దళానికీ ఎండలో ఎంత అలసట పెరగాలో ఒక అంకె, ఇసుకలో, అడవిలో, మంచులో ఎలా పోరాడతారో ఇంకొన్ని అంకెలు ఫైల్‌లో ఉన్నాయి. కవచమంతా తొడుక్కున్న కాటాఫ్రాక్ట్ రౌతు ఎడారిలో త్వరగా డస్సిపోతాడు. ఎంత ఆలోచించి పెట్టారో! బాణాలు మాత్రం అయిపోతే అయిపోయినట్టే. క్రీ.పూ. 53లో కారే దగ్గర రోమన్ సేనాని క్రాసస్ మనుషులు ఎదురుచూసింది సరిగ్గా దానికోసమే, బాణాలు అయిపోవాలని. అయిపోలేదు, ఎందుకంటే పార్థియన్ సేనాని సురేనా చాలా ఒంటెల మీద బాణాలు మోయించుకొచ్చాడు. రోమన్ల గుండె జారిపోయింది ఆ ఒంటెల్ని చూశాకే. పార్థియాకి ఇవ్వాల్సిన అసలైన "టెక్నాలజీ" అదొక్కటే. ఆ బాణాల ఒంటెల దళం లేదు.

వింత దళాల గురించి అందరూ రాశారు కాబట్టి నేను క్లుప్తంగా ముగిస్తాను. ఈజిప్టు సైన్యం టాలమీల కాలం వదిలేసి వెయ్యేళ్ల వెనక్కి, రథాల ఫారోల దగ్గరికి వెళ్లిపోయింది. బ్రిటన్‌లో తలకాయలు విసిరేవాళ్లు, జర్మనీలో కేకలు పెట్టే ఆడవాళ్లు. నల్ల ముసుగుల ఆర్కానీ అనే రోమన్ రహస్య దళం. ఆ పేరుకి ఆధారం క్రీ.శ. నాలుగో శతాబ్దపు బ్రిటన్ సరిహద్దు గూఢచారులు, వాళ్లకి ముసుగులు లేవు. నిప్పంటించిన పందులు మాత్రం పూర్తిగా కల్పన కాదు, మెగారా ముట్టడిలో మాసిడోనియా ఏనుగుల మీదకి అలా వదిలారని పాత కథనాలున్నాయి. రోమన్ సేన వెంట రోజూ నడిచే దళంగా చేయడమే అతి. వేటకుక్కలదీ అదే తంతు. యుద్ధంలో చచ్చిన కుక్కలు, వాటిని నడిపేవాళ్లు బతికి ఉంటే చాలు, తర్వాతి యుద్ధానికి మళ్లీ పుట్టుకొస్తాయి. అదీ ఊళ్లో జనాభా తగ్గకుండా!

ముట్టడులకి యంత్రాలు బోలెడు, రాళ్లు విసిరే ఓనాజర్ కూడా ఉంది. ఆ పేరు నాలుగో శతాబ్దంలో అమ్మియానస్ రాతల్లోది, క్రీ.పూ. మూడో శతాబ్దపు సేనానికి తెలియదు. కానీ అసలు రోమన్ ముట్టడి విద్య రాళ్లు విసరడంలో కంటే తవ్వడంలో ఉంది. అలేసియా దగ్గర క్రీ.పూ. 52లో సీజర్ లోపలివాళ్ల కోసం 11 మైళ్ల కందకం, బయటినుంచి వచ్చేవాళ్ల కోసం 14 మైళ్లది తవ్వించి, మధ్యలో మొనదేరిన మేకుల గుంటలు పెట్టించాడు. గేమ్‌లో సేనాని కట్టగలిగేది కొయ్యకంచె కోటా, కాపలా బురుజూ. పార పట్టిన రోమన్ సైనికుణ్ని చూడాలనుకునేవాడికి ఇక్కడ నిరాశే.

సముద్రం సంగతైతే ఇంకా అన్యాయం. ఓడల యుద్ధాలు ఆడనివ్వరు, అంకెలతో తేల్చేస్తారు. కార్వస్ అనే దించుడు వంతెన ఉన్న ఓడ రోమన్లకి ఉంది, ఉన్నా అది ఒక అంకె మాత్రమే. 36 అడుగుల వంతెనని శత్రు ఓడ మీదకి దించి, సముద్రాన్నే నేల చేసి, పదాతుల్ని దాటించిన ఎత్తు అది. క్రీ.పూ. 260లో మైలే దగ్గర రోమన్ సేనాని డ్యూలియస్‌ని గెలిపించింది అదే. దొరికిన కార్తేజ్ ఓడని నమూనాగా పెట్టుకుని రోమన్లు 100 క్విన్‌క్విరీమ్‌లు, 20 ట్రైరీమ్‌లు అనే తెడ్ల యుద్ధనౌకలు కట్టారు. తెడ్లు వేయడం రానివాళ్లని ఒడ్డున బల్లల మీద కూచోబెట్టి నేర్పారు. ఇతరుల దగ్గర మేలైనది కనపడితే కాపీ కొట్టడంలో రోమన్లని మించినవాళ్లు లేరని పాలీబియస్ మాట. స్పెయిన్ కత్తి, కార్తేజ్ ఓడ, గ్రీకు రౌతుల బల్లెం అన్నీ అలా వచ్చినవే. ఇలాంటి జాతి మీద గేమ్ చేసేటప్పుడు టెక్నాలజీ భవనంలోంచి ఎందుకు పుట్టాలి? శత్రువుని ఎదుర్కొంటే పుట్టాలి. స్పెయిన్‌లో పోరాడితే కత్తి, ఓడ పట్టుకుంటే నౌకాదళం. టెక్ ట్రీ అనేదాన్ని రోమ్‌కి ఇంతకంటే బాగా కుదిర్చే దారి నాకు తోచలేదు.

పోలికకి మిగతావి. అదే కంపెనీ 2013లో తెచ్చిన రోమ్ 2లో నిజమైన టెక్ ట్రీ ఉంది, యుద్ధంలో తుడిచిపెట్టుకుపోయిన లెజియన్‌ని మళ్లీ లేపినా దాని పేరూ సంప్రదాయాలూ తిరిగొచ్చే ఏర్పాటు నాకు చాలా నచ్చింది. కానీ అక్కడ సైనికులు ఊరి జనాభాలోంచి రారు, దెబ్బతిన్న దళం దానంతటదే నిండుతుంది, కానే దెబ్బ అక్కడ నొప్పి పుట్టించదు. పారడాక్స్ వాళ్ల ఇంపరేటర్: రోమ్ 2021 నాటి 2.0 మార్పుల్లో ఊళ్లలోంచి లేచే లెవీలు ముందు, చట్టం మారాక శాశ్వత లెజియన్‌లు తర్వాత వచ్చేలా పెట్టింది. సైన్యం తిండి మోసుకెళ్లాలి, సరుకుల బండ్ల దళం కూడా ఉంది. టెక్నాలజీ పరంగా చూస్తే అదే గెలుపు, యుద్ధం మాత్రం రంగుల గళ్లు రాసుకోవడమే. ఇంకా వెనక్కి వెళ్తే ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌కి 1998లో వచ్చిన విస్తరణ రైజ్ ఆఫ్ రోమ్‌లో లాజిస్టిక్స్ అని ఒక టెక్నాలజీ ఉండేది. దాన్ని సాధిస్తే బ్యారక్స్ పదాతులు జనాభాలో సగం చోటే తింటారు. ఒక్క వాక్యంలో రోమ్ బలమేమిటో చెప్పిన కార్డు.

తిండి మాటొచ్చింది కాబట్టి, ఈ గేమ్‌లో మీ సైన్యం శత్రు దేశంలో ఇరవై ఏళ్లు కూచున్నా ఆకలితో చావదు, జీతం కడితే చాలు. పదాతికి నెలకి దాదాపు 35 లీటర్ల గోధుమలు, రౌతుకి గోధుమలతో పాటు గుర్రాలకి బార్లీ అని పాలీబియస్ లెక్కలతో సహా ఇచ్చాడు. ఆ లెక్క పెట్టి ఉంటే హానిబాల్‌ని వెంబడిస్తూ యుద్ధం చేయకుండా పంటలు కాపాడుకున్న రోమన్ సేనాని ఫాబియస్ ఎత్తు కూడా ఆడుకోగలిగేవాళ్లం. ఇప్పుడు ఫాబియస్‌లా ఆడితే ఓడిపోతాం.

రీమాస్టర్డ్‌లో దళాల డిజైన్ దాదాపు ముట్టుకోలేదు. బొమ్మలు శుభ్రమయ్యాయి, వ్యాపారి అనే కొత్త ఏజెంట్ వచ్చాడు, ఇంతకుముందు ఆడనివ్వని 16 పక్షాల్ని తెరిచి మొత్తం 38 చేశారు. పాత విస్తరణలు రెండూ కలిపే ఇస్తారు. తెరిచిన పక్షాల్లో కొన్నిటికి దళాలు మరీ తక్కువ. అదే సరదా అనుకునేవాళ్లకి సరదానే.

నా సలహా ఇది. మొదటిసారైతే స్కిపీ తీసుకోండి. కాపువా, మెసానా చేతిలో ఉంటాయి, సిసిలీలో కార్తేజ్ గుమ్మంలోనే నిలబడి ఉంటుంది, ఏనుగులు త్వరగా ఎదురొస్తాయి. దళాల సైజు మీ కంప్యూటర్ మోయగలిగినంత పెద్దది పెట్టండి, చిన్న సైజులో జనాభా లెక్క గుచ్చుకోదు. ఇటలీ నగరాల్లో ఇంపీరియల్ ప్యాలెస్ కట్టడం వీలైనంత వాయిదా వేయండి, ఊళ్లో అసంతృప్తి పెరిగినా సరే. మూడు వరసల సైన్యంతో ఆడే కాలమే ఈ గేమ్‌లో బంగారు కాలం, లెజియనరీలు వచ్చాక అన్ని యుద్ధాలూ ఒకేలా గెలుస్తాం. యూనిట్ల ఫైల్ మామూలు టెక్స్టే. దళం ఖర్చు వరసలో మొదటి అంకె టర్న్‌లు, రెండోది ధర, మూడోది నిలుపుకునే ఖర్చు. నేను మొదట మార్చింది కుక్కల దళం ధర, ఇప్పుడు దాన్ని ఏ కుటుంబమూ కొనడం లేదు. అసలు ఫైల్ కాపీ ఒకటి పక్కన దాచుకుని మొదలుపెట్టండి.